శుక్రవారం లైను

అన్నయ్య పోయిన తరవాత కొత్తపేట ఇంట్లో అతని గది సర్దడానికి వదిన నన్ను రమ్మంది. ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళలేకపోతున్నానంది. పుస్తకాలు కాలేజీకి, బట్టలు చర్చి సంఘంలో అవసరం ఉన్నవాళ్ళకి అని ముందే అనుకున్నాం కాబట్టి పని త్వరగానే సాగింది. బీరువా అడుగున వైర్ల డబ్బా ఒకటి ఉంది. చార్జర్లూ, ఎందుకు దాచాడో తెలియని మేకులూ, వాటి కింద పాత మోడెమ్. ఒకప్పుడు తెల్లగా ఉండే ప్లాస్టిక్ ముదురు పసుపుకు తిరిగింది. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటి, పాత రేడియోనా?" అని అడిగింది. ఫోను తీగలోంచి నెట్ తెచ్చుకునే పెట్టె అని చెప్పాను. తను ఈ ఇంటికి వచ్చేసరికి దాని పని అయిపోయింది. పారేసేవాటి గుట్టలో పెట్టింది. నేను అడ్డు చెప్పలేదు. అది దాచుకున్నంత మాత్రాన అన్నయ్య మిగలడు. అయినా ఆ మధ్యాహ్నమంతా చేతులు పని చేస్తూనే ఉన్నా, మనసు మాత్రం నాన్నగారి ఆపరేషను తరవాతి వానాకాలంలోనే తిరిగింది.

నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన గొంతు గురించి ఊళ్ళో ఇప్పటికీ కొందరు చెబుతారు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడానికి ఆయన లేస్తే, మైకు అక్కర్లేదని పక్కకి తిప్పేసేవారు. ఆ గొంతులోనే కాన్సరు వచ్చింది. కాకినాడలో ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం, దాని మీద అమ్మ కుట్టిన పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణించే. ఇంటికి వచ్చిన రోజునే ఆయన మా అన్నయ్య చేత పలకా బలపమూ తెప్పించుకున్నారు. కాగితాల పుస్తకం కొనిస్తామంటే ఒప్పుకోలేదు. చెప్పవలసింది రాసేవారు, చూపించేవారు, తడిగుడ్డతో పూర్తిగా తుడిచేవారు. సగం రాసిన మాట ఎవరి కంటా పడనిచ్చేవారు కాదు. మాట్లాడే రోజుల్లో కూడా ఆయన వాక్యాన్ని మధ్యలో వదిలెయ్యడం నేను వినలేదు.

అమ్మ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. పొద్దున్నే అన్నం వండి, నాన్నగారి మెడ దగ్గర గొట్టం శుభ్రం చేసి, గుడ్డ మార్చి వెళ్ళేది. ఇంట్లో అప్పుడు రెండు వాసనలు ఉండేవి. ఒకటి అమ్మ చేతుల డెట్టాల్ వాసన. రెండోది వెనక కాలవలో పీచు తియ్యడానికి నానబెట్టిన కొబ్బరి డొక్కల వాసన. ఈ రెండోది బయటివాళ్ళు భరించలేరు, మాకు అదొకటి ఉందన్న సంగతే తెలిసేది కాదు. అన్నయ్య అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. నేను అక్కడే డిగ్రీ చదువుతున్నాను. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. సాయంత్రం కుటుంబ ప్రార్థన. అది ఇదివరకు నాన్నగారు నడిపేవారు, ఆపరేషను తరవాత అన్నయ్య నడిపేవాడు. అన్నయ్య ప్రార్థన చేస్తున్నంతసేపూ నాన్నగారి పెదవులు కదిలేవి. నేను కళ్ళు తెరిచి అటే చూసేదాన్ని. పగలంతా నాన్నగారు ఒక్కరే ఇంట్లో ఉండేవారు.

కంప్యూటర్ ముందుగదిలో, ఫోను బల్ల పక్కనే ఉండేది. ఒకటే తీగ రెండింటికీ. నెట్ కలిపితే ఫోను మోగదు, అవతలివాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. అందరి కంప్యూటర్లలోనూ బొమ్మ మీద నొక్కితే నెట్ కలిసేది. అన్నయ్య మాత్రం ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి లినక్స్ వేసుకున్నాడు. అందులో బొమ్మలు లేవు, నల్లటి తెర మీద అక్షరాలు. లైను కలపడానికి ఒకటి, తెంపడానికి ఒకటి, రెండు చిన్న స్క్రిప్టులు రాశాడు. కొన్ని వరసలే. మొదటిది మోడెమ్‌ను లేపి, నంబరు కొట్టించి, అవతలి యంత్రం అడిగిన పేరూ పాస్‌వర్డూ అప్పగించి, దారి దొరికిందో లేదో ఒక ముక్కలో చెబుతుంది. రెండోది, ఆ పని చేస్తున్న ప్రోగ్రామును వెతికి పట్టుకుని చంపేసి, లైను వదిలిపెడుతుంది. వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే పెట్టాడు. తలుపు గురించి చెప్పినట్టు ఒకటి 'తియ్యి', ఒకటి 'వెయ్యి'. అవసరం వచ్చినప్పుడు దానంతటదే కలిసి, పని లేనప్పుడు దానంతటదే తెగిపోయేలా కూడా చెయ్యొచ్చట. సెంటర్లో కుర్రాళ్ళు అలా ఎందుకు పెట్టుకోలేదని అడిగితే, "మా ఇంట్లో లైను మాదొక్కళ్ళదీ కాదండీ. తీసినోళ్ళకి తీసేమని గుర్తుండాలి" అన్నాడట.

లైను మాదొక్కళ్ళదీ కాదన్నది నిజం. మా వెనక సందులో చాలా ఇళ్ళకి ఫోను లేదు. ఆ ఇళ్ళలోంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళందరూ మా నంబరే రాసుకుని వెళ్ళారు. ఫోను వస్తే నాన్నగారు ఎత్తి, "ఉండమ్మా, పిలుస్తాను" అని, ప్రహరీ దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేసేవారు. రెండో కేక అవసరం ఉండేది కాదు. ఎక్కువ వచ్చేది మరియమ్మ పిన్ని కూతురు సువార్త ఫోను. సువార్త కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసేది. శుక్రవారం సెలవు ఇస్తే ఆరాధనకు వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక దుకాణంలోంచి ఫోను చేసేది. మాకు మధ్యాహ్నం భోజనాల వేళ. పిన్ని మా వెనక దొడ్డిలోనే కొబ్బరి పీచు ఆరబెట్టే పని చేసేది. కేక వినగానే చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చేది. సువార్త చంటిపిల్లని ఆవిడే పెంచుతోంది.

నాన్నగారికి 'తియ్యి', 'వెయ్యి' నేర్పింది అన్నయ్యే. మాట పోయిన మనిషికి ఉత్తరాలు ఉంటాయి కదా అన్నది అతని ఆలోచన. పాత శిష్యుల మెయిల్ అడ్రసులు సంపాదించి పెట్టాడు. మొదటిసారి మోడెమ్ కీచుమని, గరగరలాడి, గాలి ఊదినట్టు అరిచినప్పుడు నాన్నగారు చెవి ఒగ్గి విన్నారు. పలక మీద రాసి మాకు చూపించారు: "దీనికీ ఆపరేషను అయిందా?" అమ్మ నవ్వబోయి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య మాత్రం, "లేదండి, ఇది పుట్టుకతోనే ఇంతండి" అన్నాడు. ఆపరేషను తరవాత ఆయన ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

కాలేజీలో ఏదో గొడవై ఒక శుక్రవారం మమ్మల్ని పొద్దున్నే పంపించేశారు. నేను ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. నాన్నగారు కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నారు. తెర మీద ఏమీ లేదు. మెయిల్ తెరవలేదు, ఏదీ చదవడం లేదు. మోడెమ్ దీపాలు వెలుగుతున్నాయి. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ దీపాలకేసి చూస్తున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి పలక తీసుకున్నారు. "ఉత్తరాలేమైనా వస్తాయేమోనని." అంతకు ముందు ఆయన నాకు అబద్ధం చెప్పగా నేను ఎరగను. పక్కన ఫోను ఉంది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన ఉత్తరాల కోసం నెట్ కలపలేదు. ఫోను మోగకుండా ఉండటానికి కలిపారు.

సాయంత్రం అన్నయ్యతో చెప్పాను. అతను వెళ్ళి నాన్నగారి పక్కన కూర్చున్నాడు. నాన్నగారు పలక తీసుకుని రాశారు. ఆపరేషను తరవాత మొదట్లో ఫోను మోగితే ఎత్తేవారట. అవతలివాళ్ళు హలో, హలో అని, ఈయన ఊపిరి చప్పుడు విని పెట్టేసేవారు. ఒకసారి ఎవరో, "ఎవడ్రా నువ్వు, ఫోనెత్తి గాలి ఊదుతున్నావు?" అని బూతులు తిట్టారట. ఒకసారి సువార్త, "మాస్టారండీ? మాస్టారేనాండీ?" అని అడిగి అడిగి పెట్టేసింది. ఎత్తకపోతే ఫోను మోగుతూనే ఉంటుంది. మనిషి ఇంట్లో ఉండి ఎత్తడం లేదని ఆ మోతే చెబుతుంది. రిసీవరు తీసి పక్కన పెడితే, ఇంటికి ఎవరొచ్చినా చూస్తారు. నెట్ అయితే పని చేసుకుంటున్నట్టే ఉంటుంది. ఒక్కొక్క వాక్యమూ రాసి, చూపించి, తుడిచి, మళ్ళీ రాశారు. అన్నయ్య, "నాకు చెప్పొచ్చు కదండీ" అన్నాడు. నాన్నగారు అతని వైపు చూశారు. ఆ చూపు అర్థమై అన్నయ్య తల వంచుకున్నాడు.

ఆ సంగతి అక్కడితో ఆగేదే, ఆ ఆదివారం మరియమ్మ పిన్ని రాకపోయి ఉంటే. రాజోలు నుంచి ఒకావిడ కువైట్‌లో పని మానుకుని వచ్చి, సువార్త కబురు తెచ్చిందట. పిన్ని మా అరుగు ఎక్కలేదు. మెట్టు కింద నిలబడే మాట్లాడింది.

"వరసగా మూడు శుక్రవారాలు కొట్టిందంటండి పిల్ల. ఎప్పుడు కొట్టినా ఎంగేజీయేనంటండి. ఆళ్ళు ఇంకో రెండేళ్ళుంటావా, ఎల్లిపోతావా, తేల్చి చెప్పమన్నారంట. ఉండనా వచ్చేయనా అని నన్నొక్క మాట అడుగుదారని చూసిందంట. అందక, ఉంటానని సంతకం పెట్టేసిందంటండి."

అమ్మ, "అయ్యో, కూర్చో మరియమ్మా, కాఫీ తాగుదువుగాని" అంది.

"కాఫీ ఎందుకండీ? నన్నడిగితే వచ్చెయ్యమందును. దీనికి మాటలొస్తన్నాయి, అమ్మంటే ఫొటో చూపిత్తంది." పిన్ని చంకలో పిల్ల నిద్రపోతోంది. "మీ ఫోను పాడైందాండి? చెబితే ఇంకో నంబరేదైనా చూసుకుందుం కదండీ."

నాన్నగారు లోపలి నుంచి వచ్చారు. అంతా విన్నారు. పలక తీసుకుని గడప దగ్గర కూర్చుని రాశారు. పిన్నికి చదువు రాదు. పలక అన్నయ్యకి ఇచ్చారు. అన్నయ్య చదువుకుని, "నాన్నగారు చాలా బాధపడుతున్నారు పిన్నీ. కంప్యూటర్ వల్ల లైను సరిగా..." అన్నాడు.

నాన్నగారు వేలి కణుపులతో పలక చెక్క మీద కొట్టారు. అన్నయ్య ఆగిపోయాడు. ఆయన మళ్ళీ కొట్టారు. బడిలో, పాఠం తప్పు చదివినవాడిని ఆపడానికి బల్ల మీద కొట్టినట్టు.

ఈసారి అన్నయ్య పలక మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు. "మరియమ్మా, ఫోను పాడవలేదు. ఆ మూడు శుక్రవారాలూ నేను ఇంట్లోనే ఉన్నాను. మోగితే ఎత్తి మాట్లాడలేనని, అసలు మోగకుండా లైను నేనే పట్టుకుని కూర్చున్నాను. పిల్లల తప్పు లేదు."

మేమంతా పిన్ని ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు.

"నోరు పోయిందని మాకూ తెలుసు కదండీ మాస్టారూ" అంది. "చెవులు బానే ఉన్నాయి కదాండి? మీరు పలక్కపోతే ఏటండీ, అది మాటాడేది కదండీ. అమ్మతో చెప్పండి మాస్టారూ అని మీతోనే చెప్పి పెట్టేసేదండి. మీరు ఇంటే చాలునండి."

నాన్నగారు తల ఊపారు. "ఆయ్, వస్తానండి" అని అమ్మతో చెప్పి పిన్ని వెళ్ళిపోయింది. ఆ రోజు నాన్నగారు పలక తుడవలేదు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అన్నయ్యతో, ఆ స్క్రిప్టులో ఒక హద్దు పెట్టమన్నాను. కాసేపు కాగానే దానంతటదే తెగిపోయేలా, శుక్రవారం మధ్యాహ్నం అసలు కలవకుండా చేసెయ్యమన్నాను. "నీకు రాదా?" అని కూడా అన్నాను.

"వచ్చు. ఒక్క వరస" అన్నాడు. "గొంతు డాక్టర్లు తీసేరు. ప్రార్థన నేను తీసుకున్నాను. ఇంక ఇది కూడా మనం లాగేసుకుందామా చెల్లీ? లైను ఆయనే తీసేరు. ఆయనే వేస్తారు."

అన్నయ్య గురించి ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఈ మాటే. జ్ఞాపకార్థ కూడికలో అతని గురించి చాలామంది మాట్లాడారు. ఎంతమందికి చదువు చెప్పాడో, ఎంత ఓపికున్నవాడో చెప్పారు. అన్నీ నిజమే. నన్ను మాట్లాడమంటే లేవలేకపోయాను. లేస్తే ఇది చెప్పేదాన్ని: చెయ్యగలిగి చెయ్యకుండా ఊరుకున్న పని ఒకటి ఉంది, అది నేను కళ్ళారా చూశాను.

మర్నాడు నాన్నగారు ఒక ఉత్తరం రాశారు. మా పాస్టరుగారి దగ్గర కువైట్‌లోని ఒక తెలుగు సంఘం మెయిల్ అడ్రసు ఉంది. తెలుగు అక్షరాలు పంపే వీలు అప్పుడు మా కంప్యూటర్లో లేదు. జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్క వేలితో కొడుతూ పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. లైను తియ్యకుండానే రాశారు, ఎవరి ఫోనైనా వస్తుందేమోనని. ఫలానా సువార్త ఆరాధనకు వస్తే ఈ సంగతి చెప్పమని కోరారు. ఫోను ఎత్తిన తరవాత మాట వినపడకపోతే పెట్టెయ్యవద్దు, తడుతున్న చప్పుడు వినిపిస్తే అది మాస్టారు. ఆ తరవాత కంచం మీద గరిటెతో మీ అమ్మను పిలుస్తాను. ఆవిడ వచ్చేదాకా నువ్వు చెప్పేది వింటాను. అంతా రాశాక 'తియ్యి' అని కొట్టి, ఉత్తరం పంపి, వెంటనే 'వెయ్యి' కొట్టారు. రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, గుయ్‌మన్న శబ్దం విని, మళ్ళీ పెట్టేశారు. ఆ రోజునుంచి బతికి ఉన్నంతకాలం ఆయన లైను వేసిన ప్రతిసారీ అలా విని చూసుకున్నారు.

ఆ రోజులు మంచివని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఇప్పుడు సువార్త లాంటి తల్లి ఎక్కడున్నా పిల్ల ముఖం చూస్తూ మాట్లాడుతుంది. ఒక్క ఎంగేజ్ శబ్దం వల్ల ఎవరి రెండేళ్ళూ పోవు. సువార్త ఆ రెండేళ్ళూ ఉండి వచ్చింది. పిల్ల చాలా రోజులు ఆమె దగ్గరికి వెళ్ళలేదు, పిన్ని కొంగు వదల్లేదు. దాన్ని నాన్నగారి ఉత్తరం సరిచెయ్యలేదు, ఏదీ సరిచెయ్యదు. అయితే ఇప్పుడు మా ఇళ్ళలో నెట్ ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో ఎవరికీ తెలియదు. దాన్ని ఎవరూ ఆపరు. అన్నయ్య ఫోను ఇప్పటికీ వదిన తలగడ పక్కన ఉంది, అతనికి శుభోదయాలు వస్తూనే ఉన్నాయి. అతను లేడని తెలిసినవాళ్ళు కూడా, మెసేజీల గుంపులో ఉన్నాడు కాబట్టి, పంపుతున్నారు. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు. వినేవాళ్ళు ఉన్నారా అని ఆగి చూసుకునే అవసరం ఎవరికీ రావడం లేదు. నేనూ అలాగే ఉన్నాను. అన్నయ్యతో రోజూ మాట్లాడేదాన్ని. చివరి నెలల్లో అతను ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకుందామంటే, నేను చెప్పినవే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

ఉత్తరం అందిందని, శుక్రవారం ఆరాధనకు రాగానే చెబుతామని సంఘంవాళ్ళు జవాబు రాశారు. ఆ శుక్రవారం నేను కాలేజీకి వెళ్ళలేదు, అన్నయ్యా సెలవు పెట్టాడు. పిన్ని మాత్రం దొడ్డిలోకి పనికే వెళ్ళింది. "కంచం కొడతారన్నారు కదండీ, అప్పుడే వత్తాను" అంది. నాన్నగారు ఉతికిన పంచె కట్టుకున్నారు, మెడకు కొత్త గుడ్డ. అన్నం తినలేదు. ఫోను పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చున్నారు.

ఫోను మోగింది. ఆయన చెయ్యి దాని మీదికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. అన్నయ్య ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. మళ్ళీ మోగింది. నాన్నగారు ఎత్తారు. వేలి కణుపుతో రిసీవరు మీద తట్టారు. ఆగి, మళ్ళీ తట్టారు. అవతలి నుంచి సన్నగా ఏదో వినిపించింది. ఆయన నాకు కంచం చూపించి సైగ చేశారు. నేను ప్రహరీ దగ్గరికి పరిగెత్తి కొట్టాను.

పిన్ని జుట్టు నిండా పీచుతో పరిగెత్తుకు వచ్చింది. ఫోను కోసం చెయ్యి చాపింది. నాన్నగారు ఇవ్వలేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, వింటున్నారు. గుడ్డ మీద ఊపిరి వేగంగా ఆడుతోంది. పిన్ని, "ఇవ్వండి మాస్టారూ" అనబోయింది. ఆయన కళ్ళు తెరవకుండానే ఎడమ చెయ్యి ఎత్తి, ఆగమన్నారు. అవతల సువార్త ఇంకా చెబుతూనే ఉంది. పిన్ని చాపిన చెయ్యి దించుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.